ఆవ గట్టున టోపీ తుపాకి

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నారు. నేను పండితుణ్ణి కాను, ఆయుధ లైసెన్సుల రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. వాటిలో "ఎస్.బి.ఎం.ఎల్." అనే పొడి అక్షరాలు తరచు కనబడేవి. ఒంటిగొట్టం, మూతి నుంచి మందు కూరే తుపాకి అని అర్థం.

అలాంటిదే మా మేనమామగారికి కొండకర్లలో ఉండేది. చెరకు తోటల్లో పందుల కోసం తీసుకున్న లైసెన్సు. 1960 ప్రాంతంలో, ఆవ గట్టున ఆయన గురి సరిచూస్తుంటే పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఎత్తయిన మట్టి దిబ్బకు సున్నపు బొట్టు పెట్టి, 50 గజాల దూరం అడుగులతో కొలిచేవారు. మందు ఎప్పుడూ ఒకే వెదురు గొట్టంతో కొలిచేవారు. ప్రతి దెబ్బకూ గొట్టంలో మసి తడిగుడ్డతో తీసి, పొడిగుడ్డతో తుడిచేవారు. మూడు దెబ్బలూ ఒకేచోట కిందికి పడితే గొట్టం కొననున్న మొటిమను ఆకురాయితో కాస్త అరగదీసేవారు. అది తగ్గితే దెబ్బ పైకి లేస్తుంది. "తీసింది మళ్ళీ అతకదురా, నిదానించు" అనేవారు.

వెనుక గురి కదిలించి సరిచేయరాదా అని అడిగాను. అది కదలని దిమ్మ. కారణం ఉద్యోగంలో చేరాక చదివి తెలుసుకున్నాను.

1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టంలో మూడు మెలి గాడులుండేవి. అవి గుండును తిప్పి వదలడం వల్ల గురి నిలిచేది. దూరాన్నిబట్టి లేపుకునే గురిపలక ఉండేది. దాని తూటాల కొవ్వు కథ 1857 పాఠంలో అందరం చదివాం. తరువాతి కథ అంతగా చెప్పరు. తిరుగుబాటు అణిగాక దేశీయ సిపాయిలకు 1858 నమూనా ఇచ్చారు. పైకి అదే తుపాకి. లోపల గాడులు లేవు, పైన గురిపలక లేదు. సిపాయి చేతిలో తుపాకి ఉంచి, గురి తీసేశారన్నమాట! 1878 ఆయుధ చట్టంతో సామాన్యుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయించారు.

స్వరాజ్యం వచ్చాక ఆ చట్టం స్థానంలో 1959 చట్టం వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది. నేడు ఆవలో తాటి దోనెలెక్కి జనం పక్షులను చూస్తున్నారు. నాకదే సంతోషం.

మామయ్య పోయాక ఆ తుపాకిని జ్ఞాపకార్థం అటక మీద దాచారు. నేను రిజిస్టరు రాసేవాణ్ణి. నా ఇంట్లోనే నేరం! ఇంట్లో మాట పడి కూడా, నేనే స్టేషనులో అప్పగించి రశీదు తెచ్చాను. మా అత్తయ్య ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

కనుక మనవి. లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆయుధాన్ని ఆలస్యం లేకుండా స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు వద్ద గానీ జమచేయాలి. కావాలంటే తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాతది కదా అనుకోవద్దు. పేలే స్థితిలో ఉన్నా, బాగుచేస్తే పేలేదైనా చట్టం దృష్టిలో తుపాకే. రశీదు మాత్రం పింఛను కాగితాలతోపాటు భద్రపరచండి.