ఏడుగురు మొగుళ్ళు, ఒక్క ప్రేమ

ఏడు పెళ్ళిళ్ళు చేసుకున్న హీరోయిన్ కథ అనగానే, ఏదో మసాలా పుస్తకం అనుకుని పక్కన పెట్టేశాను. మొన్నామధ్య ఏమీ తోచక తెరిస్తే రెండు రాత్రుల్లో పూర్తయింది (మర్నాడు మీటింగులో ఆవలింతలే ఆవలింతలు). టేలర్ జెంకిన్స్ రీడ్ 2017లో రాసిన ‘ద సెవెన్ హజ్బెండ్స్ ఆఫ్ ఎవెలిన్ హ్యూగో’ గురించే చెప్తున్నా.

ఎవెలిన్ న్యూయార్కులో పేదపేట పిల్ల, క్యూబా మూలాలున్నది. 1950లలో హాలీవుడ్‌లో పేరు మార్చుకుని, జుట్టు రంగు మార్చుకుని పెద్ద స్టార్ అవుతుంది. ఆవిడ జీవితమంతా ప్రేమించింది మాత్రం తోటి నటి సెలియాని. పుకార్లు మొదలయ్యేసరికి ఒక గాయకుడితో లాస్ వేగాస్ వెళ్ళి పెళ్ళి చేసుకుంటుంది, ఆ వెంటనే రద్దు! తరవాత ఓ నిర్మాతని చేసుకుంటుంది, ఆయనకి మగవాళ్ళంటే ఇష్టం. సెలియా ఏమో ఆ నిర్మాత ప్రేమించే ఫుట్‌బాల్ ఆటగాడిని చేసుకుంటుంది. బయటికి రెండు జంటలు, లోపల వేరే రెండు జంటలు. అన్నట్టు ఎవెలిన్‌ని లెస్బియన్ అంటే ఒప్పుకోదు, తను బైసెక్సువల్‌నని గట్టిగా చెప్తుంది. మొదటి మొగుళ్ళలో ఒకణ్ణి నిజంగానే ప్రేమించింది మరి.

ఇదంతా మరీ సినిమా కథలా ఉందే అనిపించి పాత హాలీవుడ్ చరిత్ర తిరగేశాను. తీరా చూస్తే రచయిత్రి పెద్దగా కల్పించిందేమీ లేదు.

అసలు సంగతంతా కాగితాల్లో ఉంది. 1921లో ఆర్బకుల్ అనే హాస్యనటుడి కేసు గోల అయ్యాక యూనివర్సల్ స్టూడియో కాంట్రాక్టుల్లో నడవడిక షరతు పెట్టింది. జనం ఛీ అనే పని చేస్తే ఉద్యోగం ఊడుతుందన్నమాట. మిగతావాళ్ళూ అదే దారి. 1930లో నిర్మాతలంతా కలిసి ప్రొడక్షన్ కోడ్ రాసుకున్నారు, 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. తెర మీద స్వలింగ ప్రేమ ఊసే ఎత్తకూడదు. లిలియన్ హెల్మన్ నాటకం ‘ద చిల్డ్రన్స్ అవర్’ ఇద్దరు టీచర్ల మీద పడ్డ అలాంటి నింద గురించి. దాన్ని 1936లో ‘దీజ్ త్రీ’ అని సినిమా తీస్తే, ఆ నిందని కాస్తా ఓ మగాడి చుట్టూ తిరిగే నిందగా మార్చేశారు. కోడ్ కాస్త సడలాక 1961లో అదే దర్శకుడు విలియం వైలర్ అసలు కథతో మళ్ళీ తీశాడు. అందులో నిజంగా ప్రేమించిన టీచరు చివరికి ఉరేసుకుంటుంది. అంటే తెర మీదకి రానిచ్చారు గానీ బతకనివ్వలేదు.

తెర మీద ఒక షరతు, తెర వెనక ఇంకో షరతు. దీనికి తోడు 1952లో ‘కాన్ఫిడెన్షియల్’ అనే పత్రిక వచ్చి తారల గుట్లు అమ్ముకోవడం మొదలెట్టింది. 1955లో రాక్ హడ్సన్ తన ఏజెంట్ దగ్గర పనిచేసే సెక్రటరీని పెళ్ళాడాడు. ఆ పత్రిక భయంతోనే ఆ పెళ్ళి జరిపించారని చాలామంది చెప్తారు. తనకేమీ తెలియదని ఆవిడ తరవాత పుస్తకం రాసుకుంది. 1958లో విడాకులు. ఆవిడ జీవితం సంగతి ఎవరైనా ఆలోచించారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. నవల్లో కొన్ని పెళ్ళిళ్ళు ఇద్దరికీ తెలిసి ఆడే నాటకాల్లా సాఫీగా సాగిపోతాయి, అక్కడే నాకు కాస్త తేడా కొట్టింది.

ఒప్పుకోనివాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1930 ప్రాంతంలో విలియం హెయిన్స్ ఎం.జి.ఎం.లో పెద్ద స్టారు. పెళ్ళి చేసుకో, లేదా నీ స్నేహితుణ్ణి వదిలెయ్ అంటే, సినిమాల్నే వదిలేసి ఇళ్ళకి అలంకరణ చేసే వ్యాపారం పెట్టాడు. జిమ్మీ షీల్డ్స్‌తోనే 1973లో పోయేదాకా ఉన్నాడు. ఎవెలిన్ ఆ పని చెయ్యదు. కీర్తీ కావాలి, సెలియా కావాలి. అందుకే ఆవిడంటే కోపమూ వస్తుంది, వదలబుద్ధీ కాదు.

నాకు మాత్రం అందరికన్నా నచ్చింది డొరొతీ ఆర్జ్‌నర్. ఈవిడ నవల్లో లేదు. అప్పటి హాలీవుడ్ స్టూడియోల్లో వరసగా సినిమాలు తీసిన ఒకే ఒక్క మహిళా దర్శకురాలు. 1929లో ‘ద వైల్డ్ పార్టీ’ తీసేటప్పుడు, మైకు ముందు కదలలేక కొయ్యలా నిలబడిపోతున్న క్లారా బో కోసం, మైకుని గాలం కర్రకి కట్టించి తల మీద ఆడించిందిట! (ఇంజినీరుని కదా, నేను ఇక్కడే పడిపోయాను :)) సూట్లు వేసుకునేది, మారియన్ మోర్గాన్ అనే నాట్యకారిణితో ఒకే ఇంట్లో దాదాపు 40 ఏళ్ళు కాపరం చేసింది. పత్రికలవాళ్ళకి ఏమీ చెప్పలేదు, నకిలీ మొగుణ్ణీ తెచ్చుకోలేదు. ఎలా చెల్లింది? నాకు తోచిన కారణం ఒకటే, ఆవిడ మొహం పోస్టర్ మీద లేదు. స్టూడియో అమ్ముకునేది హీరోయిన్ మొహాన్నీ, ఈమె నాది కావచ్చు అని ప్రేక్షకుడు కనే కలనీ. దర్శకురాలు ఇంటికెళ్ళి ఎవరితో భోంచేస్తే ఎవడిక్కావాలి! ఎవెలిన్ కెమెరాకి ఇవతల ఉండుంటే బహుశా ఆ ఏడు పేర్లూ అక్కర్లేకపోయేవి.

నవల్లో ఎవెలిన్ నోరు విప్పేసరికి ఆవిడకి 80 దగ్గర పడతాయి, తను ప్రేమించినవాళ్ళంతా పోయాకే చెప్తుంది. ఆర్జ్‌నర్ చివరి సినిమా 1943లో వచ్చింది. దర్శకుల సంఘం పిలిచి సన్మానం చేసింది 1975లో. మారియన్ పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది.