లెక్కకెక్కని నడక

నాకు తెలిసి మా ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల నడకకే జీతమిచ్చింది రైల్వే ఒక్కటే. ఆ జీతంతోనే మా ఇల్లు గడిచింది. మా నాయన కీమాన్. తనకు అప్పగించిన బీటు పొడుగునా పట్టాలు చూసుకుంటూ పోయి, తిరిగి రావడమే ఆయన ఉద్యోగం.

సుత్తె, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా, డిటోనేటర్ల డబ్బా తీసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. పోయేటప్పుడు ఒక పట్టా వెంట పోతే వచ్చేటప్పుడు రెండో పట్టా వెంట రావాలని రూలు. పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే సుత్తెతో దిగగొట్టాలి, పట్టాల అతుకు దగ్గర ఫిష్‌ప్లేటు బోల్టు బిగించాలి. పట్టా విరిగి కనబడితే వచ్చే రైలుకు ఎదురు పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పట్టా మీద పెట్టాలి. ఇంజన్ చక్రం ఎక్కగానే అవి పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. స్లీపరు మీంచి స్లీపరుకు వేస్తే అడుగు పొట్టిదవుతుంది, ఒకటి వదిలి ఇంకోదాని మీద వేస్తే అంగ చాలదు. అందుకని నాయన కంకర అంచున నడిచేవాడు. ఆ వాలుకు ఆయన చెప్పుల మడమలు ఎప్పుడూ ఒకవైపే అరిగేవి. వానాకాలం రాత్రుళ్లు పేట్రోలింగుకు పోయేవాళ్ల చేతిలో ఒక పుస్తకం ఉండేది. స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి కదిలాడో అందులో రాసి స్టేషన్ మాస్టరు సంతకం పెట్టేవాడు. మనిషి నడకకు టైము వేసి సంతకం పెట్టిన పుస్తకం మా ప్రాంతంలో నేను మరొకటి చూడలేదు.

నేను సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రాకపోకల చరిత్ర పాఠం చెప్పినప్పుడల్లా రైలు, బస్సు, కారు వరుసగా వచ్చేవి. నడిచేవాడు మాత్రం మొదటి పేరాలోనే మాయమయ్యేవాడు. అసలు జరిగింది అది కాదు.

రైలు రాకముందు కోస్తా ఉప్పు ఈ లోపలి ఊళ్లకు ఎడ్ల వీపుల మీద వచ్చేది. లంబాడీలు వందల ఎడ్లను తోలుకుంటూ, పిల్లాపాపలతో సహా వాటి వెంట నడిచేవాళ్లు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వరకు రైలు నడిచింది. 1883లో లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. రైల్వే ఒప్పందం వివరాలు ప్రజలకు చెప్పమని అడిగినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను హైదరాబాద్ నుంచి పంపించేశారు. లైను 1886కు వరంగల్ చేరి, డోర్నకల్, ఖమ్మం, బోనకల్, మధిర మీదుగా 1889లో బెజవాడను కలిపింది. ఉప్పు బస్తా రైలెక్కింది. ఎడ్ల బిడారులతో బతికిన తండాల చేతిలో పని పోయింది.

నడక మాత్రం తగ్గలేదు, స్టేషన్ వైపు తిరిగింది. చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి డొంకల వెంట మనుషులు బోనకల్‌కు రాసాగారు. లైను పక్క కాలిబాట నాగులవంచ నుంచి మోటమర్రి దాకా ఊళ్లను కలిపే దారయింది. వానాకాలంలో డొంకలు నల్లరేగడి బురదలో కూరుకుపోతే కాలు దిగబడని చోటు రైలు కట్ట ఒక్కటే మరి. అప్పట్లో మాది నిజాం రాజ్యపు వరంగల్ జిల్లా మధిర తాలూకా. జగ్గయ్యపేట వైపు కొద్ది మైళ్లు నడిస్తే ఇంగ్లీషు ఇలాకా. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ కలదారు రూపాయి, నడుమ కరోడ్‌గిరి నాకా. చేతిలో మూట ఉన్నవాడిని ఆపి సుంకం అడిగేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది.

ఇష్టం లేని నడకలూ ఉన్నాయి. దొర బండి ముందు పరుగెత్తడం, అధికారుల సామాను తలకెత్తుకుని ఊరి నుంచి ఊరికి మోయడం వెట్టిలో భాగం. గడీ ముందు చెప్పులు వేసుకుని నడవడానికి ఎందరికో హక్కు లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని భూమి కోసం జరిగిన పోరుగా పుస్తకాలు రాశాయి. నిజమే. దొర ముందు చెప్పులేసుకుని తలెత్తుకు నడవడం కూడా అందులో గెలిచిన హక్కేనని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అదే నమ్ముతాను.

బస్సు సంగతి కొద్దిగా. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టరు కొట్టే జీరో టికెట్టును చాలామంది దండగ కాగితం అనుకుంటారు. నాకది విలువైన పత్రం. ఏ ఊరి ఆడమనిషి ఎక్కడెక్కి ఎక్కడ దిగిందో మొదటిసారి ఇంత వివరంగా రాసిపెట్టుకుంటున్నాం.

రోడ్డు మీది లెక్క మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. రోడ్డు వెడల్పు తేల్చడానికి ఇంజనీర్లు వాహనాలన్నిటినీ కార్లలోకి మార్చి లెక్కిస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పల్లె ప్రాంతపు రోడ్లకు ఇచ్చిన పట్టికలో కారు ఒకటి, సైకిలు అర, బస్సు మూడు, ట్రాలీ ట్రాక్టరు నాలుగున్నర, పెద్ద ఎడ్లబండి ఎనిమిది. ఎడ్లబండికి ఎనిమిది కార్ల చోటిచ్చిన ఆ పట్టికలో నడిచే మనిషికి వరుసే లేదు. కాలిబాటలకు వేరే మార్గదర్శకాలున్నాయి, కాదనను. కానీ ట్రాఫిక్ లెక్కలో లేనివాడికి రోడ్డు పక్క జాగా ఎవరు వదులుతారు?

జనాభా లెక్కలదీ అదే దారి. పనికి ఎంత దూరం, దేని మీద పోతారని 2011లో అడిగారు. దేశంలో సుమారు నాలుగున్నర కోట్ల మంది కాలినడకన పోతున్నామని చెప్పారు. అయితే ఆ ప్రశ్న వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాని పనులు చేసేవాళ్లకే. రైతునూ కూలీనీ అడగలేదు. బోనకల్ మండలంలో ఆ ఇద్దరినీ తీసేస్తే ఇక మిగిలేదెంతమంది!

మిరప కోతల కాలంలో తెల్లవారుజామున మా రోడ్డు మీదికి వచ్చి చూడండి. భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోయ కుటుంబాలు పొలాల గట్ల మీద గుడిసెలేసుకుని ఉంటాయి. కొందరు ఆటోల్లో కిక్కిరిసి పోతారు, మిగతావాళ్లు నడుస్తారు. ముందు ఆడవాళ్లు సద్దిగిన్నెలు గుడ్డలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని, వాళ్ల వెనక చీర కొంగు పట్టుకుని పిల్లలు. తారు అంచు దిగితే జానెడు పల్లం, దానికి అవతల కంపచెట్లు. లారీ హారన్ కొట్టగానే అందరూ ఒకరి వెనక ఒకరు ఆ పల్లంలోకి దిగి, లారీ పోయాక మళ్లీ ఎక్కుతారు. ఇటు మా జిల్లా మీదుగా నాగపూర్–విజయవాడ కారిడార్ కడుతున్నారు. దాని మీద నడవకూడదు, నచ్చిన చోట దాటకూడదు. ఆ దారి వల్ల మేలు లేదనను. అటు పొలం, ఇటు ఊరు ఉన్న రైతుకు అండర్‌పాసు ఎంత దూరంలో ఉందన్నదే నా ప్రశ్న.

రాబోయే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. పనికి ఎలా పోతారన్న ప్రశ్న ఈసారి వ్యవసాయ కూలీని కూడా అడగాలి. ఆర్ అండ్ బీ రోడ్లకు అంచనాలు వేసేటప్పుడు సైడ్ బర్ముల (తారు పక్క మట్టి అంచుల) పనిని చివరికి నెట్టకుండా తారుతో పాటే చేయాలి. ఇవి పెద్ద ఖర్చులు కావు. మీ ఊరి గ్రామసభలో రోడ్డు మాట వచ్చినప్పుడు నడిచేవాళ్లకు ఎన్ని అడుగులు వదులుతున్నారని ఒక్కసారి లేచి అడగండి. వచ్చిన జవాబును తీర్మానం పుస్తకంలో రాయించండి.