డీపీటీ, పెంటావాలెంట్ టీకా తర్వాత జ్వరం: ఎంతవరకు మామూలు, ఎప్పుడు దవాఖానకు పోవాలి

కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం, కోరింత దగ్గు. ఈ మూడు జబ్బులకు కలిపి ఇచ్చే టీకానే డీపీటీ అంటారు. సర్కారు దవాఖానల్లో పసిపిల్లలకు ఇప్పుడు దీనితో పాటు హెపటైటిస్ బి, హిబ్ టీకాలు కూడా కలిపి పెంటావాలెంట్ పేరుతో ఒకే సూదిగా వేస్తున్నారు. నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలల వయసులో మూడు డోసులు. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5 నుంచి 6 ఏళ్ల మధ్య ఇంకొకటి డీపీటీ బూస్టర్లు. మొత్తం ఐదు సూదులు.

జగదేవ్‌పూర్ మండలంలోని ఊళ్లలో కూడా రాష్ట్రమంతటి మాదిరిగానే బుధ, శనివారాలు టీకా రోజులు. ఉదయం సూది వేయించుకుని వస్తారు. సాయంత్రానికి బిడ్డ ఒళ్లు కాలుతుంది, తొడ గట్టిపడుతుంది, రాత్రంతా ఏడుపు. "ఈ సూది మన బిడ్డకు పడలేదు" అని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క మాట అంటే చాలు, తర్వాతి డోసు ఆగిపోతుంది. జ్వరం రెండు రోజుల్లో పోతుంది కానీ, ఆగిన డోసు వల్ల జరిగే నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

ఇంత జ్వరం ఎందుకు వస్తుంది?

కారణం ఎక్కువగా కోరింత దగ్గు భాగమే. సర్కారు టీకాలో ఆ బ్యాక్టీరియాను చంపి, మొత్తం కణాన్నే వాడతారు. శరీరం దాన్ని శత్రువుగా గుర్తించి గట్టిగా స్పందిస్తుంది. అందుకే సుమారు సగం మంది పిల్లల్లో జ్వరమో, సూది పడిన చోట నొప్పి, ఎరుపు, వాపో కనిపిస్తాయి. చిరాకు, మగత, పాలు తక్కువ తాగడం కూడా మామూలే. ఇవన్నీ మొదటి 24 గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. తొడలో చిన్న గడ్డ మాత్రం కొన్ని వారాలు ఉండవచ్చు. దానికి మందు అక్కర్లేదు. పిసకడం, వేడి కాపడం పెట్టడం, పసర్లు రాయడం చేయకూడదు. చల్లని తడిగుడ్డ వేస్తే చాలు. నాలుగో, ఐదో డోసు తర్వాత కొందరికి తొడ లేదా చేయి బాగా వాస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా అదీ దానంతటదే తగ్గుతుంది.

ఒకవేళ మూడో రోజు తర్వాత కొత్తగా జ్వరం మొదలైతే దాన్ని టీకా ఖాతాలో వేయొద్దు. అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

జ్వరం మందు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని సర్కారు ఆరోగ్య కేంద్రంలో పెంటావాలెంట్ వేయించుకున్న పసిపిల్లలు ఒక్కసారిగా అస్వస్థులయ్యారు. చాలామందిని నీలోఫర్‌లో చేర్చారు, పసికందుల ప్రాణాలు పోయాయి. టీకా వికటించిందని అందరూ అనుకున్నారు. తర్వాత తేలింది వేరు: జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. అది పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పులకు వాడే మందు, పసిబిడ్డల శ్వాసను ఆపేయగలదు. ఈ ఘటన పేరు చెప్పి టీకాకు భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి దాని నుంచి నేర్చుకోవాల్సింది, చేతికిచ్చిన మాత్ర షీటు మీద పేరు చదవడం. చదవడం రాకపోతే ఆశా కార్యకర్తనో, మందుల షాపులోనో అడగొచ్చు. విడిగా కాగితంలో చుట్టి ఇచ్చిన మాత్రను పేరు తెలియకుండా వేయకూడదు.

పారాసిటమాల్‌ను బిడ్డ వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇస్తారు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 5 కిలోల బిడ్డకు ఒకసారికి 50 నుంచి 75 మిల్లీగ్రాములు. మళ్లీ ఇవ్వాలంటే ఆరు గంటలు ఆగాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 లేదా 250. డ్రాప్స్‌ను సిరప్ అనుకుని చెంచాతో పోస్తే ప్రమాదం. ఎంత పోయాలో ఏఎన్ఎం చేత టీకా కార్డు మీదే రాయించుకోవడం మంచిది. జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా మందు పోయడం, ఆస్పిరిన్ ఇవ్వడం వద్దు. తల్లిపాలు మాత్రం ఆపకుండా పట్టాలి.

అరుదుగా వచ్చే తీవ్ర సమస్యలు

మూడు గంటలకు మించి ఏ మాత్రం ఊరడించినా ఆగని ఏడుపు కొద్దిమంది పిల్లల్లో వస్తుంది. జ్వరంతో ఫిట్స్ రావడం, బిడ్డ కాసేపు పాలిపోయి, మెత్తబడి, పిలిస్తే పలకకుండా ఉండిపోవడం ఇంకా అరుదు. అమెరికాలో 1981లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రెండూ ఒక్కొక్కటి సుమారు 1,750 డోసులకు ఒకసారి కనిపించాయి. ఆ పిల్లలు కోలుకున్నారు. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం లాంటి తీవ్ర అలర్జీ లక్షల డోసుల్లో ఒకటి. అది వస్తే సాధారణంగా నిమిషాల్లోనే వస్తుంది. సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోమని చెప్పేది అందుకే.

ఫిట్స్, మెత్తబడిపోవడం, శ్వాస ఇబ్బంది, పాలు అసలు తాగకపోవడం, లేపినా లేవని మగత వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేయాలి. జగదేవ్‌పూర్ వాళ్లకు దగ్గరి పెద్ద సర్కారు దవాఖాన గజ్వేల్‌లో ఉంది. టీకా కార్డు వెంట తీసుకెళ్లాలి. తర్వాత ఏఎన్ఎంకు కూడా చెప్పాలి. ఇలాంటి కేసులను వైద్యాధికారికి తెలియజేసి విచారించే ఏర్పాటు ఉంది.

ముందు డోసుకు తీవ్ర అలర్జీ వచ్చినా, వారం లోపల మెదడుకు సంబంధించిన జబ్బు వచ్చినా కోరింత దగ్గు భాగమున్న టీకా మళ్లీ వేయరు. మామూలు జలుబు, దగ్గు, పోయినసారి వచ్చిన జ్వరం మానేయడానికి కారణాలు కావు. ప్రైవేటులో "నొప్పి లేని టీకా" అని ఎక్కువ ధరకు వేసేదానిలో కోరింత దగ్గు క్రిమిలోని కొన్ని భాగాలే ఉంటాయి. జ్వరం తక్కువే కానీ రక్షణ కూడా తొందరగా తగ్గుతుంది. కాబట్టి సర్కారు సూది నాసిరకమని అనుకోనక్కర్లేదు.

బూస్టర్ మానేస్తే

హైదరాబాద్‌లో 2003–06 మధ్య కంఠసర్పి కేసులపై జరిగిన అధ్యయనం ముస్లిం కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సింది. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో, ఆడవాళ్లలో, ముస్లింలలో జబ్బు ఎక్కువగా కనిపించింది. నాలుగు, ఐదు డోసులు పడినవారిలో టీకా 95 శాతానికి పైగా పనిచేసింది. లోపం బూస్టర్లలోనే. అవి వేయించుకున్నవారు తక్కువ, ముస్లింలలో మరీ తక్కువ. పసితనంలో మూడు డోసులతో పని అయిపోయిందనుకుంటే బడికెళ్లే వయసులో రక్షణ పలచబడుతుంది.

జపాన్ అనుభవం ఇంకా పెద్దది. డీపీటీ తర్వాత ఇద్దరు పిల్లలు చనిపోవడంతో 1975లో అక్కడ టీకా ఆపేశారు. తర్వాత మళ్లీ మొదలుపెట్టినా జనం ముందుకు రాలేదు. 1979లో 13,000కు పైగా కోరింత దగ్గు కేసులు వచ్చాయి, 41 మంది చనిపోయారు.

డోసు తప్పిపోయి నెలలు గడిచినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆగిన చోటు నుంచే వేస్తారు. ఏడేళ్లు దాటితే డీపీటీ బదులు టీడీ ఇస్తారు. 10, 16 ఏళ్లకు, గర్భిణులకు కూడా టీడీయే. కార్డు పోయినా టీకా రోజున బిడ్డను తీసుకెళ్లొచ్చు, ఏఎన్ఎం రిజిస్టరులో పాత వివరాలు వెతికి చూస్తారు.