చలిజ్వరం మీద కాపలా

ఫౌజులో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఒకటుంది. శత్రువుని ఒక పోస్టు నుంచి తరిమికొట్టడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత అక్కడ రాత్రింబగళ్ళు సంత్రీ డ్యూటీ చేయడం ఇంకో ఎత్తు. తరిమికొట్టినవాడికి పతకం వస్తుంది, సంత్రీకి ఏమీ రాదు. అయినా సంత్రీ కునుకు తీస్తే గెలిచిన పోస్టు తెల్లారేసరికి చేజారిపోతుంది. మన దేశంలోనూ, ఇరుగుపొరుగు దేశాల్లోనూ మలేరియాతో జరిగిన పోరాటం అచ్చం ఇలాంటిదే. మందుల గురించీ, దోమల మందు గురించీ చాలామంది రాశారు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ జ్వరాన్ని ఎవరు, ఎలా లెక్కపెట్టారు అనే సంగతి. ఎందుకంటే ఈ యుద్ధంలో గెలుపోటములన్నీ ఆ లెక్క దగ్గరే తేలాయి.

పొట్ట తడిమి చూసిన కమిటీ

1840ల నాటి మాట. ఢిల్లీకి ఉత్తరాన కర్నాల్‌లో కంపెనీ సైన్యానికి పెద్ద కంటోన్మెంటు ఉండేది. జ్వరాల బాధ భరించలేక చివరికి దాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. పక్కనే యమునా కాలువ ఉంది. కాలువ నీళ్ళ వల్లే జ్వరాలు వస్తున్నాయా అని తేల్చడానికి మేజర్ బేకర్, సర్జన్ డెంప్‌స్టర్, లెఫ్టినెంట్ యూల్ అనే ముగ్గురితో కమిటీ వేశారు. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. రక్తంలో ఉండే క్రిమి సంగతీ తెలియదు. మరి ఏ ఊళ్ళో జ్వరం ఎక్కువో కొలిచేదెలా?

డెంప్‌స్టర్ ఒక ఉపాయం చేశాడు. చలిజ్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళకి ప్లీహం వాస్తుంది. మన పల్లెల్లో దాన్నే కడుపులో బల్ల అంటారు. ఊరూరా తిరిగి, జనం పొట్ట తడిమి చూసి, నూటికి ఎందరికి బల్ల ఉందో రాసుకున్నాడు. 1847లో వచ్చిన ఆ నివేదికలో తేలిందేమిటంటే, కాలువ ఉన్న ప్రతిచోటా జ్వరం లేదు. మురుగు పోయే దారి మూసుకుపోయి నీళ్ళు నిలిచినచోటే ఎక్కువ. ఒక జబ్బుని కళ్ళతో చూడలేకపోయినా అంకెల్లో పట్టుకోవచ్చని అప్పుడు తెలిసింది. ఆ పొట్ట పరీక్ష తర్వాత వందేళ్ళకు పైగా వాడుకలో ఉంది.

సికింద్రాబాదు తర్వాత

1897 ఆగస్టు 20 గురించి మన తెలుగువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కి ముట్టింది. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

శత్రువెవరో తెలిసిపోయింది కదా, ఇక దోమల్ని తుడిచిపెట్టేయడమే అనుకున్నారు. లాహోరు దగ్గర మియాన్‌మీర్ కంటోన్మెంటులో 1902 నుంచి 1909 దాకా ఆ ప్రయత్నం జరిగింది. గుంటలు పూడ్చారు, కాలువలు శుభ్రం చేశారు, క్వినైన్ పంచారు. ఆశించిన ఫలితం రాలేదు. శత్రువు పేరు తెలిస్తే సరిపోదు, వాడు ఎప్పుడు, ఎటునుంచి, ఎంత బలంతో వస్తాడో తెలియాలి. దాన్నే మనం ఫౌజులో ఇంటెలిజెన్స్ అంటాం.

ఆ కొరత 1908లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడు పంజాబులో వానలు విపరీతంగా పడి, వరదలొచ్చి, శీతాకాలం ముందు జ్వరం లక్షల ప్రాణాలు తీసింది. దర్యాప్తు చేసిన క్రిస్టోఫర్స్ అనే డాక్టరు ఆస్పత్రి రికార్డులతో ఆగలేదు. ఊరి చౌకీదారు ఠాణాలో రాయించే చావుపుట్టుకల లెక్కల్ని తీసి మ్యాపు మీద వేశాడు. వాన ఎక్కువ పడటం, గింజల ధర పెరిగి జనం అర్ధాకలితో ఉండటం, ఈ రెండూ కలిసినప్పుడే జ్వరం మహమ్మారి అవుతోందని చూపించాడు. అంటే చదువు లేని చౌకీదారు చెప్పిన లెక్కే శాస్త్రానికి ఆధారమైంది. 1909లో కసౌలిలో కేంద్ర మలేరియా బ్యూరో పుట్టింది. అదే పెరిగి పెద్దదై 1938లో ఢిల్లీ చేరి మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అయింది.

1920ల్లో పంజాబులోనే గిల్ అనే మరో డాక్టరు ఇంకో అడుగు ముందుకేశాడు. జులై, ఆగస్టు వానలు, పిల్లల ప్లీహం లెక్క, గోధుమల ధర చూసి, రాబోయే జ్వరాల గురించి ముందే హెచ్చరిక పంపే పద్ధతి పెట్టాడు. 1934-35లో సింహళంలో సుమారు 80 వేలమందిని పొట్టన పెట్టుకున్న మలేరియాని పరిశీలించి నివేదిక రాసినవాడు కూడా గిల్లే. అక్కడ కథ తలకిందులు. వానలు ఎక్కువై కాదు, వానలు పడక జ్వరం వచ్చింది. నదులు పారడం ఆగి, రాళ్ళ సందుల్లో మడుగులు మిగిలి, దోమలు అక్కడ పెరిగాయి. పంజాబులోనూ సింహళంలోనూ జ్వరం మోసిన దోమ జాతి ఒకటే. కానీ ఒకచోట వరదని కనిపెట్టుకోవాలి, ఇంకోచోట కరువుని. నిఘా అనేది ప్రతి నేలకీ విడిగా నేర్చుకోవాల్సిన విద్య అని దీనివల్ల తెలుస్తుంది.

బర్మాలో నేర్చిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దున పోరాడిన 14వ ఆర్మీలో మన తెలుగు జవాన్లూ ఉన్నారు. 1943లో దాని కమాండు తీసుకున్న జనరల్ స్లిమ్ ముందుగా చూసినవి జపాను బలగాల లెక్కలు కావు, తన సిక్ రిపోర్టులు. గాయపడి వెనక్కి వెళ్ళే ఒక్కడికి 120 మంది జబ్బుతో వెళ్తున్నారు. మలేరియా అయితే ఏడాదికి నూటికి 84 వంతున పడుతోంది. రోగుల్ని దూరపు ఆస్పత్రులకి పంపడం మాని, ఫ్రంటుకి దగ్గర్లోనే చికిత్స యూనిట్లు పెట్టించాడు. రోజూ మెపాక్రిన్ మాత్ర తప్పనిసరి చేశాడు. మాత్ర వేసుకుంటే ఒళ్ళు పచ్చబడుతుందనీ, మగతనం పోతుందనీ పుకార్లు పుట్టి జవాన్లు ఉమ్మేసేవారు. అందుకని ఆయన చెప్పాపెట్టకుండా యూనిట్లలో పరీక్ష చేయించేవాడు. నూటికి 95 మంది ఒంట్లో మందు కనపడకపోతే కమాండింగ్ ఆఫీసరు ఉద్యోగం ఊడేది. ముగ్గురిని అలా తీసేశాక మిగతావాళ్ళు దారిలో పడ్డారు. మన రోజుల్లో సాయంత్రం చొక్కా చేతులు దించడం, దోమతెర పరేడ్, ఒంటికి నూనె పూసుకోవడం మీద అంత పట్టుదల ఎందుకుండేదో ఇప్పుడర్థమవుతుంది. ఆర్డరు ఇస్తే సరిపోదు, అది జరుగుతోందా లేదా అని చూసేవాడుండాలి.

గోడ మీద తేదీ

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షలమంది పోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ దెబ్బకి జ్వరం ఎంత త్వరగా తగ్గిందంటే, 1958కల్లా నియంత్రణ అనే మాట తీసేసి నిర్మూలన అని పేరు మార్చారు.

నా ఈడువాళ్ళకి మలేరియా వర్కరు గుర్తుండే ఉంటాడు. పదిహేను రోజులకోసారి ఇంటింటికీ వచ్చి ఎవరికైనా జ్వరమా అని అడిగేవాడు. ఉందంటే వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకుని, క్లోరోక్విన్ మాత్రలిచ్చి, గోడ మీద తేదీ వేసి సంతకం పెట్టి వెళ్ళేవాడు. ఆ తేదీ మనకోసం కాదు, వెనక వచ్చి తనిఖీ చేసే పై అధికారి కోసం. గార్డు రూము రిజిస్టరులో ఎంట్రీ లాంటిదే అది.

ఇందులో ఇంకో గొప్ప నియమం ఉంది. ఏడాదికి జనాభాలో నూటికి కనీసం పదిమంది రక్తం పరీక్షించాలి. ఎందుకు? ఒక ఊళ్ళో కేసులు సున్నా అని కాగితం వస్తే, దానికి రెండు అర్థాలుంటాయి. జబ్బు నిజంగా లేకపోవచ్చు, లేదా ఎవరూ చూడకపోయి ఉండొచ్చు. ఎంతమందిని చూశారో తెలిస్తేనే ఆ సున్నాకి విలువ.

1965లో దేశం మొత్తం మీద కేసులు లక్షకి దిగాయి. శ్రీలంకలో అయితే 1963లో 17 కేసులే. గెలిచాం అనుకున్నారు. అక్కడే దెబ్బ తగిలింది. శ్రీలంకలో మందు కొట్టడం ఆపేశారు. తర్వాత వానలు తప్పి నదులు మళ్ళీ మడుగులయ్యాయి. రత్నాల కోసం అడవుల్లోకి వెళ్ళొచ్చేవాళ్ళతో జ్వరం ఊళ్ళకి చేరింది. 1968-69లో 5 లక్షలకు పైగా కేసులొచ్చాయి. 1934 నాటి పాఠం కళ్ళముందే ఉన్నా పనికి రాలేదు.

మన దగ్గరా అదే జరిగింది. నిధులు సన్నగిల్లాయి. దోమ డీడీటీకి అలవాటుపడింది. ల్యాబుల్లో స్లైడ్లు గుట్టలుగా పడి ఉండేవి. ఫలితం తేలేసరికి రోగి దగ్గర్నుంచి జ్వరం ఇంకో పది ఇళ్ళకి పాకేది. 1973లో అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో క్లోరోక్విన్‌కి లొంగని మలేరియా బయటపడింది. 1976లో దేశంలో కేసులు 64 లక్షలు దాటాయి. లక్ష నుంచి 64 లక్షలకి పదకొండేళ్ళు! 1977లో పథకాన్ని సవరించి, నిర్మూలన మాట పక్కనబెట్టి, చావులు ఆపడం మీద దృష్టి పెట్టారు. ఓడిన సైన్యం వెనక్కి తగ్గి కొత్త డిఫెన్స్ లైను వేసుకున్నట్టన్నమాట.

ఇప్పటి సంగతి

శ్రీలంక మాత్రం రెండోసారి తప్పు చేయలేదు. చివరి దశలో మిగిలిన కేసులు ఎక్కువగా సైనికుల్లో, రత్నాల గనుల కూలీల్లో ఉన్నాయని లెక్కల్లో కనిపెట్టి, వాళ్ళ వెంటే పరీక్షలు నడిపించారు. అంతర్యుద్ధం జరిగిన దేశం అది. అయినా 2012 తర్వాత అక్కడ పుట్టిన కేసు లేక, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి మలేరియా లేని దేశమని సర్టిఫికెట్ పొందింది. అంతకుముందు ఏడాది మాల్దీవులకీ అది దక్కింది. ఆ తర్వాత కూడా బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళ మీద శ్రీలంకలో నిఘా తీసేయలేదు.

మన దేశంలో 2015లో దాదాపు 11.7 లక్షలున్న కేసులు 2023 నాటికి సుమారు 2.27 లక్షలకి తగ్గాయి. 2030కల్లా పూర్తిగా లేకుండా చేయాలని లక్ష్యం. సంతోషమే. కానీ అంకె చిన్నదవుతున్నప్పుడే అసలు భయపడాలని 1965 చెబుతోంది. దోమ తెచ్చే వేరే జబ్బులకీ ఇదే వర్తిస్తుంది. దేశంలో మూడు దశాబ్దాలుగా మాట వినపడని చికున్‌గున్యా 2005 చివర్లో మన ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తి, మరుసటి ఏడాది దేశంలో 13 లక్షలమందికి పైగా కీళ్ళు పట్టేసింది.

సోదరులారా, మనలో చాలామంది రిటైరై సొంత ఊళ్ళలో ఉన్నాం. జ్వరమొస్తే నాలుగు మాత్రలు మింగి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకుందాం. ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చి జ్వరాల గురించి అడిగితే విసుక్కోకుండా నిజం చెబుదాం, పక్కింటివాడి చేత చెప్పిద్దాం. ఆ అమ్మాయి రాసుకునే ఒక్క గీత పంజాబు చౌకీదారు లెక్కకీ, గోడ మీద తేదీకీ వారసురాలు. ఆమె సంత్రీ. సంత్రీ ఆగమని పిలిస్తే జవాబివ్వడం మనకి కొత్తేమీ కాదు.

జై హింద్.