పండుమీను: రస్సెల్ గ్రంథంలో విశాఖ జాలరుల భాష

మేడ్చల్, శామీర్‌పేట చెరువుల దగ్గర రుచిగల చేప అనగానే వినిపించే పేరు కొర్రమీను. తీరాంధ్రలో ఆ గౌరవం పండుగప్పది. ఇది నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో, ఒడ్డుకు చేరువ జలాల్లో దొరుకుతుంది. దీని పేరులోనూ ఒకప్పుడు ‘మీను’ శబ్దం ఉండేదనడానికి విశాఖపట్నం నుంచి లిఖితాధారం ఉంది.

స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1782లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యాడు. 1789లో స్వదేశానికి మరలాడు. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. పాములపై ఆయన కృషికి దక్కిన ప్రసిద్ధి దీనికి దక్కలేదు (రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే). తెలుగు పరిశోధకులకు మాత్రం చేపల గ్రంథమే విలువైనది. చాలా చేపలకు ఆయన స్థానికంగా విన్న పేర్లనే శీర్షికలుగా ఉంచాడు. పండుగప్ప అందులో ‘పండుమీను’. ‘వింగెరం’, ‘కోనం’, ‘నల సందవ’ అని ఆంగ్ల లిపిలో వికృతమైన రూపాలను సవరించుకుంటే నేటికీ తీరంలో వినిపించే వంజరం, కోనెం, నల్లచందువ బయటపడతాయి.

పండుగప్పకు శాస్త్రీయ నామం అంతకుముందే వచ్చింది. బెర్లిన్‌కు చెందిన బ్లాక్ 1790లో దానిని వర్ణిస్తూ జపాన్ చేపగా పేర్కొన్నాడు; ఆ స్థలనిర్దేశం పొరపాటని తర్వాత తేలింది. రస్సెల్ పేర్లు మాత్రం తీరాన్ని విడవలేదు. ఆయన ‘తోల్‌పార’ నుంచే 1832లో క్యువియే ఒక చేపకు ‘తోల్’ అన్న జాతినామం ఇచ్చాడు. సన్నని సూదుల్లాంటి పొలుసులు చర్మంలో ఇమిడి ఉండి తోలులా కనిపించే చేప అది. కనుక దీనిని ‘తోలుపార’గా చదవడమే సమంజసం. లాటిన్ జాతినామంలో పదం నిలిచింది, అర్థం జారిపోయింది.

ఈ పేర్లు పుస్తకాల నుంచి పుట్టినవి కావు. తెప్పలపై వెళ్లి వలవేసే, ఒడ్డు నుంచి పెద్దవల లాగే జాలరి, వాడబలిజ కులాల వ్యవహారంలోనివి. పొలుసు, రంగు చూసి చేపను వేరుచేసే వర్గీకరణ వారిది, గ్రంథకర్తృత్వం రస్సెల్‌ది. ఈ గ్రంథాన్ని జంతుశాస్త్రానికే వదిలివేయడం వల్ల తెలుగు మాండలిక చరిత్ర ఒక తేదీగల పదకోశాన్ని పోగొట్టుకుంటున్నది. అందులో ఉప్పునీటి చేపలే లేవు. కొర్రమీను కుటుంబానికి చెందిన మంచినీటి చేప ఒకటి ‘కొర మొట్ట’ పేరుతో ఉంది. శామీర్‌పేట బెస్తల, ముదిరాజుల నోట ఉన్న మట్టగిడిసతో దానిని పోల్చి చూడవలసి ఉంది.