సంతలో స్త్రీకి చోటు

మన పల్లెల వారపు సంతలను ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకొని వచ్చిన స్త్రీ ఒక చెట్టు నీడనో, బాట ప్రక్కనో గోనెపట్టా పరచుకొని కూర్చుంటుంది. ఆశీలు చెల్లించినందువల్ల ఆ మూరెడు నేల ఆ పూటకు ఆమెది. పొద్దు వాలేసరికి అది మరల బయలు. ఎదురుగా పక్కా అంగడి గల వర్తకునికి ఆ తొందర లేదు. వాన వచ్చినా, బేరం కుదరకపోయినా తలుపు వేసుకొని రేపటిదాకా ఆగగలడు. ఆమె ఆగలేదు. అందుచేతనే సాయంకాలమయ్యేసరికి గంపలో మిగిలిన సరకు అడిగినవారి ధరకు దిగిపోతుంది. ఆమె పనితనంలో లోపమేమీ లేదు. లేనిది ఆగడానికి చోటు.

గ్రామీణ మహిళల స్వయంసహాయక సంఘాలు తయారుచేసే వస్తువులకు శాశ్వతమైన విపణి కావలెనన్న మాట కొంతకాలంగా తరచు వినవస్తున్నది. మాట కొత్తదిగా తోచవచ్చును గాని దాని వెనుకనున్న కొరత చాలా పాతది. అది ఎంత పాతదో తెలియడానికి మనం దూరం పోనక్కరలేదు. గోదావరి డెల్టాలోని నరసాపురం దాకా వెళ్తే చాలును.

నరసాపురం, పాలకొల్లు పరిసరాల స్త్రీలు లేసు అల్లడం పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వద్ద నేర్చుకొన్నారు. తొలుత అది మతం పుచ్చుకొన్న బీద కుటుంబాల ఆడవారికి బ్రతుకు తెరువుగా నేర్పిన విద్య. క్రమంగా ఇతర కులాలవారికి, ఘోషా పాటించి పొలం పనికి వెళ్లని గృహిణులకు కూడా అబ్బినది. సన్నని దారం, కొనకు చిన్న కొక్కెం ఉన్న సూది, అరుగు మీద కాస్త వెలుతురు; దానికి కావలసిన పరికరాలు ఇంతే. ఆ అరుగుల మీద అల్లిన పూలు సముద్రాలు దాటి పాశ్చాత్యుల భోజనపు బల్లలను అలంకరించినవి.

1970ల దశకంలో ఈ ఎగుమతి వ్యాపారం బాగా పెరిగినది. ఆ దశకం చివరి సంవత్సరాలలో మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త అక్కడికి వచ్చి, అల్లికదారుల ఇండ్ల మధ్య తిరిగి, 1982లో ఒక గ్రంథం ప్రకటించినారు. ఆమె చూచినది ఇది. దారం తెచ్చి ఇచ్చేది ఏజెంటు. పూలు అల్లేది ఒకరు. వాటిని జతపరచే అతుకు పని చేసేది మరొకరు. సరకు తీసుకొని కూలి కట్టేది మరల ఏజెంటే. ఒక వస్తువు పూర్తి అయ్యేలోపల ఇన్ని చేతులు మారుతుంది గనుక, తాను అల్లిన పువ్వు ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోయినదో అల్లినామెకు తెలిసే దారి లేదు. గంటల తరబడి వంగి చేసిన పనికి వచ్చే ప్రతిఫలం ఆనాటి వ్యవసాయపు కనీస కూలికంటె చాలా తక్కువ. అయినను లోకం దృష్టిలో అది కూలి కాదు, ఇల్లాలి తీరిక వేళ కాలక్షేపం. ఎగుమతిదారులు, వర్తకులు పురుషులు, అల్లేవారంతా స్త్రీలు.

ఒక శతాబ్దానికి పైగా విద్య ఉన్నది, శ్రమ ఉన్నది, కొనేవారూ ఉన్నారు. ఆ కొనేవారికి, అల్లేవారికి నడుమనున్న అంగడి మాత్రం ఇతరుల చేతిలో ఉన్నది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగిన విషయమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని దుకాణం తెరవదు.

ఇక సంఘాల సంగతి. కేంద్రప్రభుత్వం 1982లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంలో ఒక భాగంగా డ్వాక్రా కార్యక్రమాన్ని ఆరంభించినది. పల్లె స్త్రీలు పదిపదిహేనుమంది జట్టుగా కూడి, కొంత మూలధనం అందుకొని, ఏదైనా వృత్తి సాగించవలెనని దాని ఉద్దేశం. తొలి సంవత్సరాలలో అది కాగితాలపై నడిచినంత చురుకుగా ఊళ్లలో నడవలేదు. తెలుగునాట దానికి ప్రాణం పోసినది వేరొక సంఘటన. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించి లేవదీసిన ఉద్యమం రాష్ట్రమంతటా ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. సారాకు పోయే డబ్బులో రోజుకొక రూపాయి దాచుకొందామన్న ‘పొదుపు లక్ష్మి’ ఉద్యమం ఆ జిల్లాలోనే వేళ్లూనినది. అదే 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టే ప్రయోగం మొదలుపెట్టినది. 1999లో డ్వాక్రా మొదలైన పథకాలన్నీ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసినవి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ దాని స్థానంలోకి వచ్చినది.

ఈ వరుసలో గమనింపవలసినదేమనగా, పొదుపు వచ్చినది, అప్పు వచ్చినది, శిక్షణ వచ్చినది, అమ్మకం మాత్రం చివరన నిలిచినది. ఊరగాయలు, అప్పడాలు, కలంకారీ అద్దకాలు, జనపనార సంచులు తయారైనవి. వాటికోసం పట్టణాలలో డ్వాక్రా బజార్లు పెట్టినారు. 1999 నుండి ‘సరస్’ పేరిట దేశమంతటి సంఘాల ప్రదర్శనలు జరుగుతున్నవి. వీటిని తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. జిల్లా దాటి ఎరుగని స్త్రీ ఢిల్లీలో స్వయంగా బేరమాడి, డబ్బు లెక్కపెట్టుకొని ఇల్లు చేరడం చిన్న సంగతి కాదు.

అయితే ప్రదర్శన పది రోజులు, లేదా పక్షం రోజులు. బ్యాంకు వాయిదా నెలనెలా. మామిడికాయ దిగేది వేసవిలో. నూనె, కారం, ఆవపిండి అప్పుడే కొనవలెను. ఆ జాడీలకు ప్రదర్శన శీతకాలంలో వస్తే, నడుమ నెలలన్నీ పెట్టుబడి జాడీలలోనే నిలిచిపోతుంది. ఒకనాడు వాన కురిసి జనం రాకపోతే, మిగిలిన సరకును వెనుకకు మోసుకొని పోవడానికి అయ్యే ఖర్చుకు భయపడి, కడపటి సాయంకాలం వచ్చిన ధరకు వదలుకొంటారు. మన సంతలోని గంప కథే ఇది, గుడారం మాత్రం పెద్దది. ఇంకొక నష్టం ఉన్నది. ఆ గోంగూర పచ్చడి నచ్చినవారు మరుసటి నెల వెదుక్కొంటూ వస్తే అక్కడ బయలు తప్ప మరేమీ ఉండదు. ఉప్పు ఎక్కువైనదని చెప్పదలచినవారికి కూడా చెప్పడానికి మనిషి కానరాదు. మరల మరల వచ్చే కొనుగోలుదారు లేనిదే సరకు మెరుగుపడదు.

స్త్రీలకు స్వంతమైన శాశ్వత సంత కేవలం కల అనుకోనక్కరలేదు. మణిపూర్ రాజధాని ఇంఫాలు నడిబొడ్డున అటువంటిది శతాబ్దాలుగా నడుస్తున్నది. దానిని ‘ఇమా కైథెల్’ అంటారు. అమ్మల సంత అని అర్థం. వేలసంఖ్యలో ఉన్న అక్కడి విక్రేతలందరూ స్త్రీలే, అందులోనూ వివాహమైనవారే. ఆ రాజ్యంలో పురుషులు ‘లల్లుప్’ అనే వంతు వెట్టి క్రింద రాజు కొలువుకు, యుద్ధానికి పోవలసివచ్చేది గనుక పొలమూ, సంతా స్త్రీల చేతికి వచ్చినవని చెప్తారు. కూర్చున్న చోటు తల్లి నుండి కూతురికో, అత్త నుండి కోడలికో సంక్రమిస్తుంది. వారి సంఘాలు విక్రేతలకు అప్పులు ఇచ్చి వాయిదాలపై రాబట్టుకొంటాయి.

చోటు తనదైనప్పుడు స్త్రీకి ఎంత బలం చేకూరునో 1939లో తెలిసినది. ఆ సంవత్సరం వర్తకులు బియ్యాన్ని బయటికి ఎగుమతి చేస్తూండగా ఇంఫాలులో కరవు పరిస్థితి ఏర్పడినది. డిసెంబరు 12వ తేదీన సంత స్త్రీలు గుంపుగా వెళ్లి దర్బారు అధ్యక్షుడైన ఆంగ్లేయ అధికారిని ముట్టడించి, ఎగుమతి ఆపవలెనని పట్టుబట్టినారు. సైనికులు వచ్చినారు, పలువురు స్త్రీలు గాయపడినారు. అటుపిమ్మట వారు తమ సంతను తామే నెలల తరబడి బహిష్కరించినారు. నగరపు తిండి ఆ సంతపై ఆధారపడినది గనుకనే వారి బహిష్కారానికి విలువ కలిగినది. పది రోజుల ప్రదర్శనలో కూర్చున్నవారు లేచిపోతే ఎవరికి లోటు?

2010లో ఆ సంతకు కొత్త భవనాలు వచ్చినవి. 2016 జనవరి భూకంపంలో అవి దెబ్బతిన్నవి. సంత మాత్రం చెదరలేదు, దానిని నిలిపినది ఇటుక కాదు గనుక. లోపం లేకపోలేదు. వారసత్వపు చోటు దొరకని స్త్రీలు ఆ భవనాల చుట్టూ వీథులలో కూర్చుంటారు. వారిని తొలగించడం, వారు మరల రావడం అక్కడ నిత్యం జరిగే పేచీ.

ఇక మనవైపు. 1994లో తెరచిన ఢిల్లీ హాట్‌లో కట్టడాలు స్థిరం, కూర్చునేవారు మాత్రం వంతులవారీగా మారుతూ ఉండాలన్న పద్ధతి ఏర్పరచినారు. తమిళనాట ‘పూమాలై’ పేరిట జిల్లాలలో సంఘాల దుకాణ సముదాయాలు వెలసినవి. హైదరాబాదు మాదాపూర్‌లోని శిల్పారామం వద్ద 2024లో ఇందిరా మహిళా శక్తి బజారు నూరుకు పైగా దుకాణాలతో ఆరంభమైనది. రోజంతా జనం మసలే చోట, కప్పు క్రింద, తాళం వేసుకొనే అంగడి సంఘాల పేర ఏర్పడడం సామాన్యమైన మార్పు కాదు.

అక్కడ తేలవలసిన ప్రశ్న వంతుదా, వారసత్వమా అన్నదే. వంతు వేస్తే అనేక సంఘాలకు అవకాశం. కాని ఏ సంఘానికీ వాడుకదారులు నిలువరు. చోటును ఒకరికే విడిచిపెడితే వ్యాపారం పాతుకొంటుంది. కాని ఆదిలాబాదు అడవిపల్లె నుండి ఆలస్యంగా వచ్చిన సంఘం వీథిన పడుతుంది. నాకు తోచే మార్గం ఒకటి ఉన్నది. చోటు ఒక్క సంఘానికి కాక, మండలంలోని సంఘాలన్నీ కలిసిన సమాఖ్యకు చెందవలెను. అప్పుడు బల్ల వెనుక కూర్చునే మనిషి మారినా అంగడి పేరు మారదు, నచ్చిన పచ్చడి మరుసటి నెల కూడా అక్కడే దొరుకుతుంది. ఇటువంటి సమాఖ్యలకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం క్రింద రిజిస్టరై, తమ పేరనే ఒప్పందాలు చేసుకొనే వీలున్నది. అద్దె పత్రంపై అధ్యక్షురాలు సంతకం చేయగలదు. ఆ పత్రంలో వ్రాయబోయే గడువు పక్షం రోజులా, పదేండ్లా అన్నది మాత్రం ఆమె చేతిలో లేదు.