ఐ.ఆర్.సి. కథ – అందులో మన అక్షరాల పాట్లు

మీరు టైపు చేసిన వాక్యం మరుక్షణమే పదిమంది తెరలపై కనబడటం ఈనాడు వింతేమీ కాదు. ఈ పద్ధతిని ప్రపంచమంతటికీ అలవాటు చేసినవాటిలో ‘ఇంటర్‌నెట్ రిలే చాట్’ ముఖ్యమైనది. క్లుప్తంగా ఐ.ఆర్.సి. అంటారు. మూడున్నర దశాబ్దాలు దాటినా ఇది ఇంకా పనిచేస్తూనే ఉంది.

1985లో అమెరికాలో జెఫ్ కెల్ ‘బిట్‌నెట్’ కోసం ‘రిలే’ అనే ప్రోగ్రాం రాశారు. 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఓలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐ.ఆర్.సి.ని తయారుచేశారు. 1991 ఆగస్టులో మాస్కోలో తిరుగుబాటు జరిగినప్పుడు అక్కడి వార్తలు దీనిద్వారా బయటి ప్రపంచానికి అందాయి. నియమావళి మాత్రం 1993 మేలో గాని అచ్చురూపం దాల్చలేదు. ముందు వాడకం, తర్వాత వ్యాకరణం!

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పుదుచ్చేరిలోని నటేశన్ నగర్‌లో ఒకరు, యానాంలో మరొకరు ఉన్నారనుకోండి. ఇద్దరూ చెరొక సర్వరుకు కలుస్తారు. సర్వర్లు చెట్టు కొమ్మల్లా ముడిపడి ఉంటాయి; ఏ రెండింటి మధ్యనైనా దారి ఒక్కటే. మాటను ఒక సర్వరు మరో సర్వరుకు అందిస్తూ పోతుంది. మధ్యలో ఒక కొమ్మ తెగితే? అవతలివాళ్లంతా ఒక్కసారిగా మాయమవుతారు. దీనిని ‘నెట్ స్ప్లిట్’ అంటారు. ఎవరూ మీమీద అలిగి వెళ్లలేదు, కాసేపు ఆగండి.

మొదలుపెట్టడం సులువే. ఐ.ఆర్.సి. ప్రోగ్రాం ఒకటి తెచ్చుకుని, అందులో సర్వరు చిరునామా ఇచ్చి, ఒక మారుపేరు పెట్టుకోండి. 6667 పాత ద్వారం, అందులో మాటలు బాహాటంగా పోతాయి. గుప్తంగా పోవాలంటే 6697ను ఎంచుకోండి. వాలుగీత పెట్టి, పక్కన ‘జాయిన్’ అని, ఆపై హాష్ గుర్తుతో గది పేరు రాస్తే లోపలికి వెళ్తారు. సాధారణంగా మీరు రాకముందు నడిచిన సంభాషణ మీకు కనబడదు. కాబట్టి వెంటనే ప్రశ్న అడగకుండా కాసేపు వినడం మర్యాద.

ఇక మన అక్షరాల సంగతి. 1990ల తొలినాళ్లలో కంప్యూటర్లలో తెలుగు లిపి అందరికీ అందుబాటులో లేదు. అప్పుడు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ‘రైస్’ పద్ధతి విదేశాంధ్రులకు ఆదుకోలు అయింది. (రైస్ అంటే బియ్యం కాదు, హ్యూస్టన్‌లోని విశ్వవిద్యాలయం.) ఇందులో రోమన్ చిన్న ‘టి’ రాస్తే ‘త’, పెద్ద ‘టి’ రాస్తే ‘ట’. ఐ.ఆర్.సి.కి మాత్రం మారుపేర్లలో, గదుల పేర్లలో చిన్నబడి, పెద్దబడి తేడా లేదు. ‘పాత’ అనే పేరును ఒకరు తీసుకుంటే ‘పాట’ అనే పేరు మరొకరికి దక్కదన్నమాట!

ఫిన్లాండ్‌వారికి ఈ చిక్కు రాలేదు. వారి పాత ఏడు బిట్ల సంకేతాల్లో చదరపు బ్రాకెట్ల స్థానంలో పెద్దబడి అచ్చులు, వంకీల బ్రాకెట్ల స్థానంలో వాటి చిన్నబడి రూపాలు ఉండేవి. అందుకే నియమావళి చదరపు బ్రాకెట్టును వంకీ బ్రాకెట్టుకు పెద్దబడిగా లెక్కిస్తుంది. ప్రపంచమంతా వాడే నియమంలో ఒక భాష వర్ణమాల అలా ఇమిడిపోయింది. తయారుచేసినవారి భాషకు ఆపాటి మొగ్గు ఉండటం సహజమే గాని, మన ‘ట’కు అక్కడ చోటు లేకపోయింది.

యూనికోడ్ వచ్చాక నేరుగా తెలుగులో మాట్లాడవచ్చు. మారుపేర్లకు మాత్రం చాలా నెట్‌వర్కుల్లో ఇప్పటికీ రోమన్ అక్షరాలే. మరో చిక్కు కూడా ఉంది. ఒక సందేశానికి పరిమితి 512 బైట్లు, అందులో 2 ముగింపు గుర్తుకు పోతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యు.టి.ఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 కావాలి. ‘స్త్రీ’ని మనం ఒక్క అక్షరంగా చదువుతాం, యంత్రానికి అది 6 గుర్తులు, అంటే 18 బైట్లు. ఆదేశం, గది పేరు కూడా ఆ 510లోంచే పోతాయి. హద్దు దాటిన వాక్యం తోక తెగవచ్చు. కోత ఒక గుర్తు మధ్యలో పడితే చివర అర్థంకాని బొమ్మ మిగులుతుంది. కొన్ని ప్రోగ్రాములు పొడుగు వాక్యాన్ని తామే ముక్కలు చేసి పంపుతాయి. మీది అలా చేస్తుందో లేదో ఒక ఖాళీ గదిలో పరీక్షించి చూసుకోండి.